మూడో మెట్టు

కొలతల పుస్తకం తెరిచి పెన్సిలు చెక్కుకున్నాను.
నల్లబండలమిట్ట, కడప జిల్లా. పాత మునసబు కోర్టు.
పొడవు తొంభై రెండడుగులు, వెడల్పు నలభై ఒకటి.
టేపు అవతలి కొస తిప్పన్న చేతిలో ఉంది.
"గోడ మందం రెండడుగుల మూడంగుళాలు సార్" అని అరిచి
"ఇంత మందం, ఎవురికి బయపడి కట్నారో" అని
తనే నవ్వుకున్నాడు.

బయట మే నెల.
లోపల మాత్రం నీళ్లకుండలో కూర్చున్నట్టుంది.

గానుగ సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం.
ఇప్పటి రేట్ల పట్టికలో ఇవేవీ లేవు.
టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చిన మిద్దె,
దాని కింద పంకా కొక్కేలు నాలుగు.
వెనక గోడలో తాడు దూరిన చిన్న బొక్క,
అంచులు గాజులా నున్నగా.
అవతలి వరండాలో కూర్చుని తాడు లాగినవాడు
ఎన్ని తీర్పులు విన్నాడో,
ఒక్క ముఖమూ చూడకుండా.

ముందు వరండాకు కమానులు ఏడు.
ఆరు ఒక్క తీరు.
ఏడోది కాస్త ఎడమకు వాలింది,
మాట తప్పినవాడి భుజంలా.
దాని కథ తిప్పన్నకు వాళ్ల అబ్బ చెప్పాడట:
ఈ కోర్టులో పడిన మొదటి దావా
ఈ కోర్టు కట్టిన మేస్త్రిదేనట!
వంకర కమానుకు కూలి ఇవ్వనన్నాడు కంట్రాక్టరు.
మునసబు కుర్చీ దిగి వచ్చి
తూకంగుండు తెప్పించి
ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడట.
"తీర్పేమైంది?" అన్నాను.
"ఆ కాగితం చెదలు తినె సార్" అన్నాడు తిప్పన్న.
"కమాను మాత్రం నిలబడింది కదా."

రికార్డు గదిలో ఎర్ర గుడ్డ మూటలు,
జిగురు ఎండిన స్టాంపు కాగితాలు, గబ్బిలాల వాసన.
అక్కడ ఎక్కడో మా జేజి వేలిముద్ర ఉండాలి.
దూదేకుల ఇమాంబీ, వాది.
బావిలో మూడోవంతు, వారానికి రెండు రోజుల కపిల.
పదిహేడేండ్లు.
వాయిదా వాయిదాకు సద్దరొట్టె మూట, ఎర్రకారం,
ప్లీడరు గుమాస్తాకు అర్ధరూపాయి.
ఎప్పుడొచ్చినా మూడో మెట్టు మీదే కూర్చునేది.
కుడి చెవి వినపడదు కదా,
బంట్రోతు పిలుపు ఆ కమాను కింద తిరిగి
రెండోసారి వచ్చి తగిలేది అక్కడేనట.
"ఒగసారి వాడు పిలుస్తాడు,
ఇంగొగసారి గోడ పిలుస్తాది.
గోడకు నామింద ఎక్కువ దయ" అనేది.

మూడు పిలుపులకు పలక్కపోతే దావా కొట్టేస్తారు.
మా జేజి ఆరు పిలుపులు వినేది.

డిక్రీ వచ్చిన ఏడు వాన రాలేదు.
ఎండిన బావిలో మూడోవంతు
చట్టప్రకారం మాది.
ఆ కాగితాన్ని రేకుపెట్టెలో పెట్టి
దినాం తీసి చూసేది, చదువు రాదు.
తిరగేసి పట్టుకున్నావే అంటే
"ఎట్ల పట్టుకున్యా నీళ్లు రావులేరా" అనేది.

"సార్, మెట్లు ఐదు. ఒగొగటి ఆరంగుళాలు!"
తిప్పన్న గొంతు కమాను కిందికి పోయి
మళ్లీ వచ్చింది.
"మూడోది నడుమ అరిగినాది.
అంగుళమున్నర!"
మున్నర, అంది గోడ.

ఒంగి చూశాను. నల్లటి కడప బండ,
పళ్లెంలా గుంటపడి.
ఒక్క మా జేజి అరగదీసింది కాదు.
గట్టు తగాదాలవాళ్లు, పాలు పంచుకోలేని అన్నదమ్ములు,
మనోవర్తికి పసిబిడ్డతో వచ్చినవాళ్లు,
సాక్ష్యానికి తెచ్చి అన్నం పెట్టడం మరచినవాళ్లు.
పోయిన వారం పడిన చినుకు ఆ గుంటలో
ఒక మరకగా మిగిలింది.

పుస్తకంలో రెండే గళ్లు ఉన్నాయి:
పనికొచ్చే రాయి, పనికిరాని రాయి.
అరుగుదలను లెక్కలోంచి తీసెయ్యమని నిబంధన.
తీసెయ్యడానికి అక్కడ ఏమీ లేదు,
ముందే తీసుకుపోయారు.

"ఏం రాసినారు సార్?"
రెండు గళ్లకూ నడుమ గీత మీద,
చెరిపితే పోయేటట్టు పెన్సిలుతో
వాయిదా అని రాశాను.

తిప్పన్న టేపు చుట్టుకుంటున్నాడు.
ఉగ్గాని చల్లారిపోతుందని పిలిచాడు.
ఒకసారి తను, ఇంకొకసారి గోడ.